తల ఉన్న ఫోటో

కాలేజీ కంప్యూటర్ గదిలో, ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలందరి ముందు, ప్రొజెక్టర్ వెలుగులో గోడంత పెద్దదిగా మాలతికి తన ముఖమే కనిపించింది. దాని కింద ‘పెళ్లయింది, కానీ ఒంటరిని. మగ స్నేహితులు కావాలి’ అని రాసి ఉంది, ఆ కింద ఆమె ఫోన్ నంబరు ఉంది.

ఒక్క క్షణం ఆమె ఆ మాటలను కూడా ఎవరిదో జవాబుపత్రం చదివినట్టే చదివింది. ఆ తరువాత చేతికందిన వైరు పట్టుకుని లాగేసింది. గోడ నల్లబడింది. వెనక వరుసలో ఎవడో దగ్గాడు. ముందు వరుసలో కూర్చున్న లహరి రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపే తరువాత ఆ పిల్ల మెడకు చుట్టుకుంది.

"క్లాసు అయిపోయింది, పోండి" అంది మాలతి. తన గొంతు తనకే ఎక్కడో పక్క గదిలోంచి వినిపించినట్టుంది. పిల్లలు చెప్పుల చప్పుడు కాకుండా వెళ్లిపోయారు. మామూలుగా బడి వదిలినట్టు అరుచుకుంటూ పోయే పిల్లలు. ఆ నిశ్శబ్దమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఆ గదిలో ఆర్కుట్ సైటు తెరవాలన్న ఆలోచన ఆమెదే. గద్వాలలోని ఆ ప్రైవేటు కాలేజీలో బైపీసీ పిల్లలకు మొక్కల పాఠం, జంతువుల పాఠం రెండూ ఆమే చెప్పాలి. పునరుత్పత్తి పాఠం వచ్చిందంటే ఆడపిల్లలు పుస్తకాల్లోకి తలలు దూర్చేవాళ్లు. అర్థమైందా అంటే అయిందని ఊపేవాళ్లు, పరీక్షలో ఆ ప్రశ్న వదిలేసేవాళ్లు. నెట్ సెంటర్లలో పిల్లలు ఆర్కుట్‌కు అతుక్కుపోతున్నారని విని, మీరు ఉన్నచోటికే నేనొస్తాను అనుకుని అక్కడ క్లాసు పేరుతో ఒక కమ్యూనిటీ తెరిచింది. ఒకటే నియమం పెట్టింది. ఎవరూ సొంత పేరుతో రాకూడదు, ప్రతి ఒక్కరూ ఒక జీవి పేరు పెట్టుకోవాలి. ఎవరిది ఏ జీవి పేరో మేడమ్‌కు కూడా చెప్పక్కర్లేదు. అంతే, ఏడాదంతా నోరు తెరవని పిల్లలు ఒక్కసారిగా మాట్లాడారు. మిణుగురు అడిగింది, ఉడుత అడిగింది, వానపాము అడిగింది. నెలసరి నొప్పికి మాత్ర వేసుకుంటే ముందుముందు పిల్లలు పుట్టరా? ఆడపిల్ల పుడితే తల్లిది తప్పెట్లయితది? ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, తెలుగులో భయం. ఆమె ఒక్కొక్కదానికీ జవాబు రాసేది. శనివారం వాటినే గోడ మీద వేసి పాఠంగా చెప్పేది. పేర్లు లేవు కాబట్టి సిగ్గు లేదు. మగపిల్లలు కూడా ఇకిలించడం మానేసి విన్నారు. ఈ శనివారం ఆ కమ్యూనిటీ తెరిస్తే ప్రశ్నల బదులు తన ఫోటో పడింది.

కమ్యూనిటీ చూసుకోవడంలో ఆమెకు సాయం లహరి. వడ్డేపల్లి పిల్ల. వాళ్ల నాయిన వెంకటన్న పత్తి విత్తనం పండిస్తాడు. సెలవులొస్తే లహరి కూడా చేనులోకి దిగి పూలకు క్రాసింగ్ చేస్తుంది. మొగ్గ విప్పి, అందులోని మగ భాగాలు తీసేసి, మర్నాడు పొద్దున వేరే పువ్వు పుప్పొడి తెచ్చి అద్దడం. అదంతా సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి కమ్యూనిటీలో పెడితే, మాలతి వాటి పక్కన పుస్తకంలోని పేర్లు రాసింది. పరాగ సంపర్కం అన్న మాట ఆ రోజు మొత్తం క్లాసుకు చేనంత దగ్గరకొచ్చింది. తన పదకొండేళ్ల ఉద్యోగంలో అంత మంచి శనివారం ఇంకొకటి లేదు.

ఇప్పుడు అదే లహరి పేరు కరస్పాండెంట్ బాలకిష్టయ్య నోటినుంచి వచ్చింది.

"నేను మొదలే చెప్పలే మేడం? బోర్డుంది, సుద్దముక్కుంది, పుస్తకముంది. గివి సాలక ఆర్కుట్టు దెచ్చి పిల్లల నెత్తిన పెట్టినవ్. ఊర్ల తెలిస్తే నా కాలేజి గేటుకు తాళం వడ్తది."

"చేసిందెవరో కనుక్కోవాలి సార్."

"కనుక్కునేదేముంది, తెలిసే పాయె. దాంట్ల నీ ఎన్క పెత్తనమెవలకుంది? ఆ వడ్డేపల్లి పోరికి. నీ నంబరెవల తాన ఉంది? ఆ పోరి తాన. అందరు బిత్తరపోయి చూస్తుంటె ఏడ్సిందెవలు? మొన్న అయితారం నెట్ సెంటర్ల కూసున్నదెవలు? మా అటెండర్ కండ్లార చూసిండు."

"ప్రశ్నలు చూడమని నేనే పంపాను సార్. లహరి అట్లాంటి పని చెయ్యదు."

"నీకు అందరు మంచోళ్లే. సోమారం వాళ్ల నాయినను పిలిపిస్తున్న. టీసీ చేతిల వెట్టి తోలేస్త. నువ్వు గూడ మీ ఇంటాయనను తోల్కరా. ఇది ఆడోళ్లతోని తేలే ముచ్చట గాదు."

బొమ్మలో ఉన్నది తన ముఖం, నంబరు తనది, క్లాసు తనది. తేల్చడానికి మాత్రం ఇంటాయన రావాలి. మాలతి తల ఊపి బయటికొచ్చింది. ఆటోలో ఫోన్ మోగింది. ఎత్తితే ఎవడో మగగొంతు, "హలో, ఒంటరిగున్నరంట గద" అన్నాడు. వెనక ఇంకెవరో నవ్వుతున్నారు. ఫోన్ ఆపేసి సంచిలో అడుక్కి తోసింది.

ఇంటి ముందు గదిలో మగ్గాలు ఆడుతున్నాయి. మాలతి భర్త దేవరాజు గద్వాల చీరలు నేయించి వ్యాపారులకు అమ్ముతాడు. కాలేజీ నుంచి ఆమె గడపలో అడుగు పెట్టగానే అతను నేసేవాళ్లతో రోజూ ఒకటే మాట అంటాడు. "టీచరమ్మొచ్చింది, లేచి నిలవడుండ్రి." వాళ్లు నవ్వుతారు. మొదటి ఏడు ఆమె కూడా నవ్వింది. ఆ తరువాత నవ్వనందుకు ‘తమాష గూడ తెల్వదు ఈమెకు’ అనిపించుకుంది. ఆ తరువాత నవ్వడానికీ మానడానికీ తేడా లేకుండా పోయింది. బ్యాగు కొక్కేనికి తగిలించి, చీర కొంగు దోపి, రాట్నం ముందు కూర్చుని మర్నాటికి కావలసిన కండెలు చుట్టడం, మధ్యలో లేచి పొయ్యి మీద అన్నం చూడటం, మగ్గం పక్కన అంచు అందించే మనిషి రాకపోతే ఆ పీట మీద కూర్చోవడం. వీటికి జీతం లేదు, పేరు లేదు, ఎవరైనా ఏం పని చేస్తుందని అడిగితే ‘ఇంట్లనే, జర సాయం’ అని అత్త జములమ్మ చెబుతుంది. కాలేజీ జీతానికి కూడా పెద్ద మర్యాదేం లేదు, అది ప్రతి నెలా జములమ్మ బియ్యం డబ్బా వెనక్కి పోతుంది. తనది అని మాలతి చెప్పుకోగలిగింది ఏదన్నా ఉంటే, ఆ జీవుల పేర్ల ప్రశ్నలే.

ఆ రోజు ‘లేచి నిలవడుండ్రి’ అన్న మాట వినపడలేదు. తల వంచి పోగు చూస్తున్న దేవరాజు దగ్గరికి వెళ్లి, నేసేవాళ్లకు వినిపించకుండా జరిగింది చెప్పింది. అతను పోగు మీంచి చూపు తీయలేదు.

"ఎవడో చిల్లర నా కొడుకు చేసి ఉంటడు. కాలేజి బందువెట్టు. రేపటికి అందరు మర్చిపోతరు."

వంటింట్లోంచి జములమ్మ వినేసింది. "పాఠం జెప్పెతందుకు ఫోటోలెందుకే పిల్లా? మా కాలంల సార్లు ఫోటోలతోనే జెప్పిండ్రా? మొకం బజార్ల వెట్టుకుంటివి, ఇగ మంది చూడరా మరి?"

"నేను పెట్టలేదత్తమ్మా."

"పెట్టలేదనే అందరంటరు."

మర్నాడు ఆదివారం. మగ్గాలకు సెలవు, మాలతికి లేదు. సోమవారం ఎక్కించే చీరకు కండెలు చుడుతోంది. రంగు చిలకపచ్చ. వేళ్ల మధ్య నుంచి ఆకుపచ్చ నూలు జారుతూ ఉండగా ఆమె చెయ్యి ఆగిపోయింది. నిన్న గోడ మీద తన ముఖాన్నీ, కింది మాటల్నీ చూసిందే కానీ, ఒంటి మీది చీరను చూడలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే కనిపించింది. చిలకపచ్చ చీర, లక్క రంగు పట్టు అంచు.

ఆ చీర ఆమెది కాదు. ఆ ఇంట్లో నేసిన చీర ఏదీ ఆమెది కాదు. కొత్త డిజైను మగ్గం దిగగానే మడత పెట్టే ముందు ఎవరో ఒకరు కట్టుకుని నిలబడాలి, ఫోటో తీయాలి, దాన్ని హైదరాబాద్, బెంగళూరు వ్యాపారులకు మెయిల్లో పంపాలి. కట్టుకుని నిలబడేది కోడలు. ఈ పద్ధతి మొదలైన రోజే జములమ్మ ఒక షరతు పెట్టింది. "బేరగాండ్లకు చీర సూపియ్యుండ్రి, కోడలి మొకమెందుకు?" అందుకని మరిది రమేష్ కంప్యూటర్లో ఆ ఫోటోలను మెడ దగ్గర కోసేస్తాడు. దుకాణం బల్ల మీద ఆ ఫోటోల ఆల్బం ఉంటుంది. ఎర్రచీర, నెమలికంఠం చీర, వక్కరంగు చీర. అన్నిటికీ భుజాలున్నాయి, చేతులున్నాయి, తలల్లేవు. పదేళ్లలో ఆ ఇంటి ప్రతి చీరనూ ఆమె ఒకసారి కట్టుకుంది, బొట్టు ఆరేలోపు విప్పి ఇచ్చేసింది. తనకు తానై కట్టుకునేవి కర్నూలు నుంచి తెచ్చే పాలిస్టర్ చీరలు.

తల ఉన్న ఫోటో ఈ ఇల్లు దాటిపోయింది ఎప్పుడూ లేదు.

అత్త తన పేరున్న జములమ్మ అమ్మవారి గుడికి పోయింది. దేవరాజు బజారుకు పోయాడు. మాలతి దుకాణం గదిలోకి వెళ్లి కంప్యూటర్ తెరిచింది. వెతకనక్కర్లేకపోయింది. కోయకముందు ఫోటోలన్నీ ఒకచోటే పడున్నాయి. చిలకపచ్చ చీర, వెనక తలుపు తెర, అలసిన తన కళ్లు. గోడ మీద చూసిన ఫోటో అదే.

ఆ కంప్యూటర్ తెరిచేది ఇద్దరే. రమేష్, దేవరాజు. రమేష్ బద్ధకస్తుడు, క్రికెట్ స్కోరు తప్ప ఇంకేదీ పట్టదు, వదినె దగ్గర చిల్లర అప్పడిగి మర్చిపోయే మనిషి. ఇక దేవరాజు. ఒక్క పోగు తెగితే ఎందుకు తెగింది, ఎప్పుడు తెగింది, ఎవరి చెయ్యి తగిలిందని పూట పూటంతా ఆరా తీసే దేవరాజు, నిన్న ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఏం రాశారని అడగలేదు. ఏ ఫోటో అని అడగలేదు. ఎవరు చూశారని అడగలేదు. భార్య పేరు బజారున పడితే ఏ మొగుడైనా కనీసం అరుస్తాడు. అతను పోగు చూసుకున్నాడు.

ఆమె కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు.

ఫోన్ తెరిచింది. తెలియని నంబర్ల వరసలో లహరి నంబరు ఉంది. చేస్తే మొదటి రింగుకే ఎత్తింది.

"మేడం, నేను చెయ్యలే మేడం. గుడిల జములమ్మ తల్లి మీద ఒట్టు."

"నాకు తెలుసు లహరీ."

"మా నాయిన నమ్ముతలేడు. రేపొచ్చి టీసీ తీస్కపోతడంట. ఇగ పరీక్ష లేదు గిరీక్ష లేదు, చేండ్లకు నడువంటుండు. మా అవ్వ తిండి తింటలేదు. మేడం, మీరు ఒక్క మాట చెప్పుండ్రి. మీరు చెప్తె ఇంటరు."

మీరు చెప్తే వింటారు. ఆ పిల్లకు ఆ నమ్మకం ఎక్కడిదో మాలతికి తెలియలేదు. ఇన్నేళ్లలో తను చెబితే విన్నది ఎవరు? పెళ్లయిన కొత్తలో బీఈడీ చేస్తానంటే ‘చేసి ఎవలిని ఉద్ధరిస్తవ్’ అన్నారు, ఊరుకుంది. కడుపులో పిండం నిలవక దవాఖానలో పడుకుంటే ‘నిలవడి పాఠాలు చెప్తె గట్లనే అయితది’ అన్నారు, ఊరుకుంది. ఊరుకున్న ప్రతిసారీ తనకొక్కదానికే నష్టం, పోనీలే అనుకుంది. ఇప్పుడు ఊరుకుంటే పోయేది వేరే ఇంటి పిల్ల చదువు. చెబితే పోయేది తన ఇల్లు. శ్రీరంగాపూర్‌లో అన్న ఉన్నాడు, వదినె ఉంది, వాళ్ల గదుల్లో తనకు చోటు లేదని తెలుసు. అయినా లెక్క వేయడం మొదలుపెడితే మాట లోపలే ఉండిపోతుంది, అది కూడా తెలుసు.

"పొద్దున వస్తా. నువ్వు మాత్రం చెయ్యని పనికి ఒప్పుకోవద్దు. ఎవరెంత గద్దించినా" అంది.

ఆ సాయంత్రం దేవరాజుతో, "రేపు కాలేజీకి రమ్మన్నరు నిన్ను" అని మాత్రం చెప్పింది. అతను మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కరస్పాండెంట్ గదిలో గోడ పక్కన లహరి, ఆమె పక్కన తలపాగా చేతిలో పట్టుకుని వెంకటన్న నిలబడి ఉన్నారు. దేవరాజుకు కుర్చీ వేశారు. మాలతికి వేయలేదు, వేయలేదని ఎవరూ గమనించలేదు.

"తప్పు ఎవలదైనా పరువు మీది పోయింది దేవరాజు సేట్" అన్నాడు బాలకిష్టయ్య.

"మా ఇంట్ల అనుకున్నం సార్. మాన్పిస్తున్న. ఈ నెలతోని బందు."

"మంచిది. ఆ ఆర్కుట్టు గూడ ఇయ్యాలనే తీసేద్దాం. ఈ పోరికి టీసీ ఇచ్చేస్త. ఏమయ్య వెంకటన్న?"

"నేనేమనాలె సార్? సదివియ్యాల్నని జేసిన. బుద్ధి తక్కువై జేసిన" అన్నాడు వెంకటన్న. లహరి గోడకు ఇంకా దగ్గరగా జరిగింది.

చాయ్ రాకముందే అయిపోయింది. ఒకరు ఉద్యోగం తీసేశారు, ఒకరు క్లాసు తీసేశారు, ఒకరు చదువు తీసేశారు. ముగ్గురికీ గుండె తేలికపడినట్టుంది. బాలకిష్టయ్య టీసీ పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

"అది రాయకండి సార్" అంది మాలతి.

బ్యాగులోంచి దుకాణం ఆల్బంలోని ఫోటో ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కనే, సాక్ష్యం కోసమని బాలకిష్టయ్య ప్రింటు తీయించిన ఆర్కుట్ కాగితాన్ని జరిపింది.

"రెండూ చూడండి. అదే చీర, అదే కొంగు మడత, వెనక అదే తెర. మా ఇంట్లో తీసిన ఫోటో ఇది. వ్యాపారులకు పోయిందాంట్లో నా తల లేదు. ఆర్కుట్‌లో ఉన్నదానికి తల ఉంది. తల ఉన్నది మా ఇంటి కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు. లహరి మా ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు."

బాలకిష్టయ్య రెండింటి మీదికీ వంగి చూశాడు.

"ఏం మాట్లాడుతున్నవ్ నలుగుర్ల?" అన్నాడు దేవరాజు, మెల్లిగా.

"ఆ కంప్యూటర్ తెరిచేది ఇద్దరు. ఇప్పుడే ఇక్కడినుంచి పోలీస్ స్టేషన్‌కు పోతున్న. ఇద్దరి పేర్లూ రాసిస్త. నీది, రమేష్‌ది. ఏ కంప్యూటర్ నుంచి పెట్టిండ్రో వాళ్లు తీస్తరట. లహరి పేరు మాత్రం ఎవ్వరూ రాయొద్దు."

ఆమె పట్టుకున్న బల్ల అంచును వదిలేసింది. దేవరాజు బాలకిష్టయ్య వైపు చూశాడు, వెంకటన్న వైపు చూశాడు, ఎవరూ చూపు కలపలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"రమేష్‌గాని పేరు రాయకు. వానికేం తెల్వదు. నేనే చేసిన.

"గట్ల చూడకుండ్రి సార్. నేనేం లఫంగోన్ని గాను. ఈమె ఎప్పుడు చూసినా గా పిల్లల తోని రాసుకుంట ఉంటుండె. ఏం రాస్తుందో చూద్దామని నేను గూడ దాంట్ల చేరిన. జీవి పేరు పెట్టాలె గద, పట్టుపురుగని పెట్టుకున్న. ఒకటడిగిన. పట్టు తీసేతందుకు గూడును నీళ్లల్ల ఉడకవెడ్తరు గద, లోపటున్న పురుగుకు తెలుస్తదా అని. చిన్నగున్నప్పుడు గిదే మా నాయినను అడిగితె చెంప మీద ఏసిండు. ఈమె కొట్టలే. గింత పొడుగు జవాబు రాసింది. మంచి ప్రశ్న అడిగినవ్, గిట్ల అడిగేటోళ్లు కావాలె అన్నది. దుకాణంల కూసొని మల్ల మల్ల చదువుకున్న. లోపటికొచ్చి చూస్తె కండెలు చుడ్తుంది. నా దిక్కు చూడనన్న చూడలే. ఇన్నేండ్ల సంది ఒక్క ఇంట్ల ఉన్నం, నాతోని గన్ని మాటలు ఎన్నడు చెప్పలే. నేను గూడ ఎన్నడు ఏం అడగలే, అది వేరే సంగతి.

"ఇంకోటి అడిగిన, కడుపు నిలవకపోతె తప్పు ఆడదానిదేనా అని. దానికి గూడ చెప్పింది. పట్టుపురుగు ఎవడో తెల్వకుండనే చెప్పింది. అంటే ఎవడడిగినా చెప్తది. గది నాకు సైసలే, ఓర్వలేకపోయిన. గందుకే ఫోటో వెట్టిన. పరేషానై కాలేజి మానేస్తది, ఇంట్ల ఉంటది, మాట్లాడితె నాతోనే మాట్లాడ్తది అనుకున్న. ఇది గీ పోరి మీదికి పోతదని అనుకోలే. పోయినంక, పోనీ, ఎవలో ఒకలు దొరికిండ్రు గద అనుకున్న. వెంకటన్నా, నీ బిడ్డది తప్పేం లేదు. తోల్కపోకు.

"పోలీసోళ్లకు ఏం రాస్తవో రాయి మాలతి. రాసినంక నేను వెట్టినవన్ని తీసేయి. గా రెండు ప్రశ్నలు మటుకు తీసెయ్యకు. గవి నేను నిజంగ తెల్వకనే అడిగిన."